ఫోర్ట్రాన్‌లో ఒకే అర్రేలో రకరకాల డేటాను నిల్వ చేయడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో సరుకు అమ్ముకున్న రైతు చేతికి వచ్చే తక్‌పట్టీని ప్రోగ్రామర్ కంటితో చూస్తే, ఒకే కాగితం మీద నాలుగు రకాల సమాచారం కనిపిస్తుంది. రైతు పేరు, పంట పేరు అక్షరాలు. బస్తాల లెక్క పూర్ణాంకం. కాంటా మీద తేలిన బరువు క్వింటాళ్లలో దశాంశ సంఖ్య. సరుకు ఆరిందా లేదా అన్నది అవును, కాదు అన్న రెండే జవాబులున్న ప్రశ్న. పైథాన్‌కు అలవాటు పడిన విద్యార్థి వీటన్నిటినీ ఒక లిస్టులో వేసి ముందుకు సాగిపోతాడు. అదే విద్యార్థి వాన లెక్కలకో, వాతావరణ నమూనాలకో, నిర్మాణాల విశ్లేషణకో ఫోర్ట్రాన్‌లో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం, చదరపు బ్రాకెట్ల మధ్య ఒక పేరును, ఒక పూర్ణాంకాన్ని, ఒక దశాంశ సంఖ్యను పక్కపక్కన పెట్టగానే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. మొదటి మూలకాన్ని బట్టి అర్రే రకాన్ని నిర్ణయించుకున్నానని, రెండో మూలకం ఆ రకానికి చెందదని అది చెప్పే మాటలో దాపరికమేమీ లేదు.

ఈ నియమం ఫోర్ట్రాన్ పుట్టుకతోనే వచ్చింది. జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం 1957లో విడుదల చేసిన ఈ భాష లెక్కల వేగం కోసం తయారైంది. అర్రేలోని మూలకాలన్నీ ఒకే పరిమాణంలో ఉంటే, వెయ్యో మూలకం మెమొరీలో ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక గుణకారం, ఒక కూడిక సరిపోతాయి. ఆ సౌలభ్యాన్ని ఫోర్ట్రాన్ ఇప్పటికీ వదులుకోలేదు. అందువల్ల ఒకే అర్రేలో వేర్వేరు రకాలు పెట్టాలంటే, ఆ రకాలన్నిటినీ లోపల ఇముడ్చుకునే ఒక కొత్త రకాన్ని మనమే తయారు చేసి, దానికి అర్రే కట్టాలి. అలా కట్టే పద్ధతులు ముఖ్యంగా మూడున్నాయి. నూటికి తొంభై అవసరాలకు మొదటిదే సరిపోతుందని నా అభిప్రాయం.

ఉదాహరణలకు ముందు ఒక మాట చెప్పాలి. ఫోర్ట్రాన్‌లో వేరియబుల్ పేర్లు, కీవర్డులు ఆంగ్ల అక్షరాలలోనే ఉండాలి. తెలుగు లిపి కొటేషన్ల మధ్య ఉన్న పాఠంలోనూ కామెంట్లలోనూ మాత్రమే చెల్లుతుంది. కింది వరుసలను చదివినట్టుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను కాబట్టి, టైప్ చేసేటప్పుడు వాటిని ఆంగ్ల అక్షరాలలోకి మార్చుకోవాలి.

డిరైవ్డ్ టైప్: తక్‌పట్టీకి తక్‌పట్టీ

ఫోర్ట్రాన్ 90 ప్రమాణంతో భాషలోకి వచ్చిన డిరైవ్డ్ టైప్, వేర్వేరు రకాల గడులను ఒక పేరు కింద కట్టివేస్తుంది. మన పట్టీని ఇలా ప్రకటించవచ్చు.

టైప్ :: పట్టీ
  క్యారెక్టర్(లెన్=90) :: రైతు = ' '
  క్యారెక్టర్(లెన్=45) :: పంట = ' '
  ఇంటీజర్ :: బస్తాలు = 0
  రియల్(రియల్64) :: బరువు = 0
  ఇంటీజర్ :: ధర = 0
  లాజికల్ :: ఆరింది = .ఫాల్స్.
ఎండ్ టైప్ పట్టీ

టైప్(పట్టీ), ఎలొకేటబుల్ :: పట్టీలు(:)

రియల్64 అన్న పేరు ఐఎస్ఓ_ఫోర్ట్రాన్_ఎన్వ్ మాడ్యూల్ నుంచి వస్తుంది కనుక, ప్రోగ్రాం మొదట్లో యూజ్ వాక్యంతో దాన్ని తెచ్చుకోవాలి. బరువుకు మామూలు రియల్ చాలదా అని అడగవచ్చు. ఒక్కొక్క పట్టీ వరకైతే చాలు. కానీ రోజు మొత్తం వ్యాపారాన్ని రూపాయలు, పైసలతో సహా కూడవలసి వచ్చినప్పుడు, సుమారు ఏడు అంకెల ఖచ్చితత్వమే ఉన్న మామూలు రియల్ కోట్లలోకి వెళ్లేసరికి పైసలను, ఆపైన రూపాయలను కూడా వదిలేస్తుంది. ప్రతి గడికీ మొదటి విలువ ఇచ్చి ఉంచడం వల్ల, నింపడం మరిచిపోయిన గడిలో మెమొరీలో అంతకుముందున్న చెత్త కనిపించే ప్రమాదం తప్పుతుంది.

దీని తరువాత పట్టీలు అర్రేకు ఎలొకేట్ వాక్యంతో స్థలం కేటాయించి, ఒక్కొక్క మూలకాన్ని రకం పేరుతోనే నింపవచ్చు.

పట్టీలు(1) = పట్టీ('మల్లయ్య', 'మిర్చి', 12, 4.85_రియల్64, 14200, .ట్రూ.)

ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం వేసినవే. ఒక గడి విలువ కావాలంటే మధ్యలో శాతం గుర్తు పెట్టి పట్టీలు(1)%బరువు అని రాయాలి. ఇతర భాషల నుంచి వచ్చినవారి చెయ్యి అలవాటుగా చుక్క పెట్టబోతుంది. ఫోర్ట్రాన్‌లో చుక్క స్థానంలో ఉండేది ఈ శాతం గుర్తే.

ఈ పద్ధతిలోని అసలు బలం అర్రేకు సూచిక ఇవ్వకుండా గడి పేరు రాసినప్పుడు తెలుస్తుంది. పట్టీలు%బరువు అని రాస్తే బరువులన్నీ కలిసి ఒక రియల్ అర్రేగా మన చేతికి వస్తాయి. కాబట్టి రోజు మొత్తం తూకం కావాలంటే సమ్(పట్టీలు%బరువు) చాలు. మిర్చి వ్యాపారం విలువ మాత్రమే కావాలంటే కింది ఒక్క వరుసలో పని అయిపోతుంది.

మొత్తం = సమ్(పట్టీలు%బరువు * పట్టీలు%ధర, మాస్క్ = పట్టీలు%పంట == 'మిర్చి')

పంట గడి 45 స్థానాల పొడవున్నా, దానిలో పేరు తరువాత ఖాళీలున్నా పోలిక సరిగానే జరుగుతుంది. పొట్టిగా ఉన్న పాఠానికి ఖాళీలు చేర్చి పోల్చడం ఫోర్ట్రాన్ నియమం. అత్యధిక ధర పలికిన పట్టీ ఏదో తెలియాలంటే మ్యాక్స్‌లాక్(పట్టీలు%ధర, డిమ్=1) దాని సూచికను ఇస్తుంది; ఆ సూచికతో రైతు పేరునూ, పంటనూ తీసుకోవచ్చు.

చాలామంది పాత ప్రోగ్రాంలను చూసి, పేర్లకు ఒక అర్రే, బరువులకు ఒక అర్రే, ధరలకు ఇంకొకటి అని విడివిడిగా పెట్టుకుంటారు. ఫోర్ట్రాన్ 77 రోజులలో అంతకంటే దారి లేదు. చిక్కు వచ్చేది వరుస మార్చినప్పుడు. ధరల అర్రేను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, పేర్ల అర్రేను అలాగే వదిలేస్తే మల్లయ్య మిర్చికి ఇంకొకరి ధర అంటుకుంటుంది, కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. డిరైవ్డ్ టైప్‌లో పట్టీ మొత్తం ఒకే సరుకుగా కదులుతుంది కనుక ఆ పొరపాటుకు చోటే లేదు. అయితే విడి అర్రేలను పూర్తిగా తోసిపుచ్చడం కూడా సరికాదు. వరుసలు లక్షల్లో ఉండి, లెక్కంతా ఒక్క బరువు గడి మీదనే మళ్లీమళ్లీ నడుస్తున్నప్పుడు, మెమొరీలో బరువులు పక్కపక్కనే ఉంటే వేగం పెరుగుతుంది. పట్టీల అర్రేలో రెండు బరువుల మధ్య పేరూ, పంటా అడ్డుగా ఉంటాయి. అటువంటప్పుడు అర్రేలను లోపల ఉంచుకున్న ఒకే డిరైవ్డ్ టైప్‌ను తయారు చేసి, పేర్చే పనిని ఒక సూచికల అర్రే మీద జరిపి, అసలు డేటాను కదపకుండా ఉంచడం మంచిది.

తెలుగు పేర్లు, ఫైల్ నుంచి చదవడం

పేరుకు 90, పంటకు 45 స్థానాలు ఎందుకిచ్చానో చెప్పాలి, ఎందుకంటే మన పాఠకులకు ఇది రోజూ తగిలే రాయి. ఫోర్ట్రాన్‌లోని మామూలు క్యారెక్టర్ బైట్లను లెక్కపెడుతుంది, అక్షరాలను కాదు. లిపిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. ‘మిర్చి’ అన్న మాటలో మ, గుడి, ర, పొల్లు, చ, మళ్లీ గుడి కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ‘పత్తి’కి 15, ‘మక్కలు’కు 18. మిర్చి రెండక్షరాలే కదా అని పంట గడికి 10 బైట్లు పెడితే, మూడు సంకేతాలు పూర్తిగా పట్టి, నాలుగోదానిలో ఒక్క బైటు మాత్రమే మిగులుతుంది. తెర మీద ‘మిర’ పక్కన ఒక ప్రశ్నార్థకపు పెట్టె కనిపిస్తుంది. లెన్_ట్రిమ్ ఇచ్చే సంఖ్య కూడా బైట్ల సంఖ్యే కాబట్టి, దాన్ని నమ్మి పట్టికలో నిలువు వరుసలను సర్దితే అవి వంకరగా వస్తాయి. గడి పొడవును ఉదారంగా పెట్టుకోవడమే సులభమైన మందు.

పొడవు ముందే చెప్పకుండా, పేరు ఎంతుంటే అంత స్థలం తీసుకునే ఎలొకేటబుల్ క్యారెక్టర్‌ను కూడా ఫోర్ట్రాన్ 2003 నుంచి గడిగా పెట్టవచ్చు. మెమొరీ పొదుపవుతుంది; కానీ ఎలొకేటబుల్ గడి ఉన్న రకాన్ని ఒక్క రీడ్ వాక్యంతో మొత్తంగా చదవడం, ఒక్క రైట్ వాక్యంతో మొత్తంగా రాయడం కుదరదు, దానికి ప్రత్యేకంగా చదివే రొటీన్లను మనమే రాసి రకానికి తగిలించాలి. స్థిరమైన పొడవులున్న మన పట్టీకైతే రీడ్(యూనిట్, *) పట్టీలు(ఐ) అన్న వాక్యం చాలు. ప్రకటించిన వరుసలోనే గడులన్నీ నిండుతాయి.

ఈ నక్షత్రపు గుర్తుతో చదివే పద్ధతికి కొన్ని మొండి నియమాలున్నాయి. కొటేషన్లు లేని పేరు మధ్యలో ఖాళీ వస్తే అక్కడితో ఆ గడి ముగిసిందని అది భావిస్తుంది. ఇంటి పేరుతో కలిపి రాసిన రైతు పేరులోని రెండో భాగం పంట గడిలోకి జారుతుంది, ఆ వెంటనే పంట పేరు బస్తాల గడిలోకి వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. ఇలా ఆగిపోవడం నయం. అంతకంటే ప్రమాదకరమైనది ఏటవాలు గీత. పట్టీలో తేదీ గడి చేర్చి, ఫైల్‌లో 12/03/2025 అని కొటేషన్లు లేకుండా రాస్తే, గీత దగ్గర చదవడం ముగిసిపోయిందని ఫోర్ట్రాన్ అర్థం చేసుకుంటుంది. తేదీ గడిలో 12 మాత్రమే చేరుతుంది, ఆ తరువాతి గడులన్నీ ఇంతకుముందున్న విలువలతోనే ఉండిపోతాయి, లోపం జరిగినట్టు ఏ సందేశమూ రాదు. అవును, కాదు గడికి కూడా ట్రూ, ఫాల్స్ మాటలనో వాటి మొదటి ఆంగ్ల అక్షరాలనో మాత్రమే అది ఒప్పుకుంటుంది. ఫైల్ మన చేతిలో తయారైనది కాకపోతే, వరుస మొత్తాన్ని '(ఎ)' ఫార్మాట్‌తో ఒక పొడవైన క్యారెక్టర్‌లోకి తీసుకొని, కామాల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఇంటర్నల్ రీడ్‌తో (ఫైల్ నుంచి కాక క్యారెక్టర్ నుంచే చదివే రీడ్) సంఖ్యగా మార్చి, చదవడంలో లోపం వచ్చిందో లేదో చెప్పే ఐఓస్టాట్ విలువ సున్నా కానప్పుడు ఆ వరుస సంఖ్యను తెర మీద చూపించడం శ్రమ అనిపించినా నమ్మదగిన దారి.

అసలు ముందే తెలియని రకాలు: క్లాస్(*)

కొన్నిసార్లు ఏ గడిలో ఏ రకం వస్తుందో ప్రోగ్రాం రాసేటప్పుడు తెలియదు. వినియోగదారుడు ఇచ్చే సెట్టింగుల జాబితాలో ఒకటి సంఖ్య, ఒకటి ఫైల్ పేరు, మరొకటి ట్రూ, ఫాల్స్ కావచ్చు. ఇందుకోసం ఫోర్ట్రాన్ 2003 క్లాస్(*) అన్న ఏర్పాటు చేసింది. ఏ రకం విలువనైనా అది పట్టుకోగలదు. దీన్ని చూడగానే క్లాస్(*), ఎలొకేటబుల్ :: జాబితా(:) అని నేరుగా అర్రే ప్రకటించాలనిపిస్తుంది. ప్రకటన చెల్లుతుంది, కానీ కోరిక తీరదు. అటువంటి అర్రేకు స్థలం కేటాయించిన క్షణాన అర్రే మొత్తానికి ఒకే రకం స్థిరపడుతుంది. మొదటి మూలకం ఇంటీజర్ అయితే చివరి మూలకం కూడా ఇంటీజరే. రకం ఏదైనా కావచ్చు, మూలకానికొక రకం కాకూడదు. ఈ తేడా తెలియక చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

పరిష్కారం ఒక డబ్బా కట్టడం. డబ్బాలన్నీ ఒకే రకం, కాబట్టి అర్రే నియమం నిలుస్తుంది. డబ్బా లోపల ఏముందన్నది ఏ డబ్బాకు ఆ డబ్బా విడిగా తేల్చుకుంటుంది.

టైప్ :: డబ్బా
  క్లాస్(*), ఎలొకేటబుల్ :: విలువ
ఎండ్ టైప్ డబ్బా

టైప్(డబ్బా) :: గడులు(4)

ఎలొకేట్(గడులు(1)%విలువ, సోర్స్ = 'మల్లయ్య')
ఎలొకేట్(గడులు(2)%విలువ, సోర్స్ = 12)
ఎలొకేట్(గడులు(3)%విలువ, సోర్స్ = 4.85_రియల్64)
ఎలొకేట్(గడులు(4)%విలువ, సోర్స్ = .ట్రూ.)

సోర్స్ అన్న మాట రకాన్నీ విలువనూ ఒకేసారి నకలు చేస్తుంది. ఇప్పటికే నిండి ఉన్న డబ్బాకు మళ్లీ ఎలొకేట్ రాస్తే ప్రోగ్రాం లోపంతో ఆగుతుంది కాబట్టి, విలువ మార్చేటప్పుడు ముందు డీఎలొకేట్ చేయాలి. కొత్త కంపైలర్లలో సమానం గుర్తుతో నేరుగా విలువ వేయవచ్చు. పాత వాటిలో, ముఖ్యంగా క్యారెక్టర్ విలువల దగ్గర, ఉచితంగా దొరికే జీఫోర్ట్రాన్ కంపైలర్‌కు లోపాలుండేవి, అందుకే కళాశాల ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోవడం మంచిది.

నింపడం తేలికే, తీయడంలో మాత్రం ప్రతిసారీ రకాన్ని అడిగి తెలుసుకోవాలి. క్లాస్(*) విలువను నేరుగా ప్రింట్ చేయడం, కూడడం, పోల్చడం ఏదీ కుదరదు. సెలెక్ట్ టైప్ లోపలికి వెళ్లిన తరువాతే అది మామూలు వేరియబుల్ అవుతుంది.

డూ ఐ = 1, సైజ్(గడులు)
  ఇఫ్ (.నాట్. ఎలొకేటెడ్(గడులు(ఐ)%విలువ)) సైకిల్
  సెలెక్ట్ టైప్ (వి => గడులు(ఐ)%విలువ)
  టైప్ ఈజ్ (ఇంటీజర్)
    ప్రింట్ *, 'పూర్ణాంకం', వి
  టైప్ ఈజ్ (రియల్(రియల్64))
    ప్రింట్ *, 'దశాంశం', వి
  టైప్ ఈజ్ (లాజికల్)
    ప్రింట్ *, 'అవును కాదు', వి
  టైప్ ఈజ్ (క్యారెక్టర్(*))
    ప్రింట్ *, 'పాఠం ', ట్రిమ్(వి)
  క్లాస్ డిఫాల్ట్
    ప్రింట్ *, 'గుర్తించని రకం, గడి', ఐ
  ఎండ్ సెలెక్ట్
ఎండ్ డూ

ఇందులో మూడు చోట్ల జాగ్రత్త అవసరం. గడులు(ఐ)%విలువ అన్నది సాధారణమైన పేరు కాదు కాబట్టి, బాణం గుర్తుతో ‘వి’ అన్న పొట్టి పేరు తగిలించడం తప్పనిసరి. ఖాళీ డబ్బాను సెలెక్ట్ టైప్‌కు ఇవ్వకూడదు, అందుకే మొదట ఎలొకేటెడ్ పరీక్ష పెట్టాం. ఇక రియల్ పక్కన రియల్64 అని విడిగా రాయడం అలంకారం కాదు: మామూలు రియల్, రియల్64 ఈ పరీక్ష దృష్టిలో వేర్వేరు రకాలు. టైప్ ఈజ్ (రియల్) అని మాత్రమే రాసి ఉంటే 4.85 దాని కళ్లకు కనపడకుండా కిందికి జారి క్లాస్ డిఫాల్ట్‌లో పడేది. ఆ చివరి శాఖనూ రాయకపోతే విలువ నిశ్శబ్దంగా దాటిపోయి, ఎక్కడ పోయిందో వెతుక్కోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. క్లాస్ డిఫాల్ట్‌ను ఎప్పుడూ వదలకూడదని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మన తక్‌పట్టీని ఈ పద్ధతిలో రాయడం సాధ్యమే, కానీ తగదు. మూడో గడి ఎప్పుడూ బరువే అయినప్పుడు దాని రకాన్ని ప్రతిసారీ అడగడం దండగ. కంపైలర్ ముందే పట్టుకోగలిగిన తప్పులన్నీ ప్రోగ్రాం నడిచేటప్పుడు బయటపడేవిగా మారతాయి.

ఒకే కుటుంబంలోని రకాలు

రెండింటి నడుమ ఒక మధ్య మార్గముంది. మార్కెట్‌కు వచ్చే సరుకులన్నిటికీ రైతు, బరువు, ధర ఉంటాయి, కానీ పత్తికి తేమ శాతం కీలకం. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకొని 12 శాతం వరకు అనుమతిస్తుంది, ఎనిమిది దాటిన కొద్దీ ధర తగ్గిస్తుంది. మిర్చికి తేమతో పాటు అది తేజనా, వండర్ హాటా, చపాటనా అన్నది, తోట నుంచి నేరుగా వచ్చిన సరుకా లేక కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ మిర్చా అన్నది ముఖ్యం. ఉమ్మడి గడులతో ‘సరుకు’ అన్న అబ్‌స్ట్రాక్ట్ టైప్‌ను ప్రకటించి, ఎక్స్‌టెండ్స్(సరుకు) అన్న మాటతో ‘పత్తి’, ‘మిర్చి’ రకాలను దాని నుంచి పెంచి, ఒక్కోదానికి కావలసిన గడులను మాత్రమే చేర్చవచ్చు. ‘వెల’ అన్న ఫంక్షన్‌ను సరుకులో డిఫర్డ్‌గా ప్రకటిస్తే, ప్రతి పంటా తన వెల లెక్కించే పద్ధతిని తానే ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే కంపైల్ కాదు.

అర్రే దగ్గరకు వచ్చేసరికి ఇందాకటి నియమమే మళ్లీ ఎదురవుతుంది. క్లాస్(సరుకు), ఎలొకేటబుల్ :: లాట్లు(:) అని రాస్తే అన్నీ పత్తి, లేదా అన్నీ మిర్చి. కలగలుపు కావాలంటే లోపల క్లాస్(సరుకు), ఎలొకేటబుల్ గడి ఉన్న డబ్బాకే అర్రే కట్టాలి. అయితే ఇక్కడ సెలెక్ట్ టైప్ బెడద చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే లాట్లు(ఐ)%సరుకు%వెల() అని పిలిస్తే ఏ పంటకు ఆ పంట లెక్క దానంతటదే నడుస్తుంది. రేపు పసుపు కూడా చేర్చాలంటే కొత్త రకం ఒకటి రాస్తే చాలు, మొత్తం కూడే లూప్‌ను ముట్టుకోనవసరం లేదు.

పాత దారుల గురించి

పాత ప్రోగ్రాంలలో ఈక్వివలెన్స్ కనిపిస్తుంది. అది రెండు వేరియబుల్స్‌ను ఒకే మెమొరీ చోటులో కూర్చోబెడుతుంది. ఇంటీజర్‌గా 1 వేసి అదే చోటును మామూలు రియల్‌గా చదివితే సుమారు 1.4 ఇంటూ పది పవర్ మైనస్ 45 వస్తుంది. విలువ మారలేదు, బిట్లను చదివే తీరు మారింది. ఫోర్ట్రాన్ 2018 ప్రమాణం దీన్ని కాలం చెల్లినవాటి జాబితాలో చేర్చింది. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఇదే పనిని కాస్త మర్యాదగా చేస్తుంది, బైనరీ ఫైళ్లతో పనిచేసేవారికి తప్ప అవసరం రాదు. అన్నిటినీ రియల్ అర్రేలో వేసేసే అలవాటు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది; మామూలు రియల్ 1,67,77,216 దాకా మాత్రమే పూర్ణాంకాలన్నిటినీ తప్పు లేకుండా దాచగలదు, దాని పక్క సంఖ్య 1,67,77,217ను దాచితే తిరిగి 1,67,77,216గా వస్తుంది. లాట్ నంబరు, ఫోన్ నంబరు వంటివి అలా దాచితే వేరే రైతుకు చెందిన నంబరు చేతికి వస్తుంది.

పట్టీలు ఎన్ని వస్తాయో ముందే తెలియనప్పుడు పట్టీలు = [పట్టీలు, కొత్తది] అని రాస్తే అర్రే ఒక మూలకం పెరుగుతుంది; అర్రేకు ముందుగా ఎలొకేట్(పట్టీలు(0)) అని సున్నా పొడవుతోనైనా స్థలం కేటాయించి ఉండాలి. వందల వరకు ఇది బాగానే ఉంటుంది. ప్రతి చేర్పుకూ మొత్తం అర్రే నకలవుతుంది కనుక, వేలల్లోకి వెళ్లినప్పుడు ఉన్నదానికి రెట్టింపు పొడవుతో కొత్త అర్రే తీసుకొని, పాత పట్టీలను దానిలోకి నకలు చేసి, మూవ్_ఎలాక్‌తో పాత పేరుకు అప్పగించాలి. డబ్బాల అర్రే అయితే లోపలి విలువలు కూడా నకలవుతాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా ముందే పడాలి. రాస్తున్నంత కాలం జీఫోర్ట్రాన్‌ను వాల్ (-Wall) హెచ్చరికలతోనూ, ఎఫ్‌చెక్=ఆల్ (-fcheck=all) ఐచ్ఛికంతోనూ నడిపితే అర్రే హద్దు దాటిన సూచికలూ, స్థలం కేటాయించని గడుల వాడకమూ చాలావరకు వరుస సంఖ్యతో సహా బయటపడతాయి; పని పూర్తయి వేగం కావలసినప్పుడు ఎఫ్‌చెక్‌ను తీసేయవచ్చు.